తెర మీద బావ

గాజువాక దగ్గరి ఓ ఇనుప ఫ్యాక్టరీలో మీటింగు తొలిసారి ఇంటర్నెట్లో కనబడాల్సిన రోజది. ఆఫీసులో సాయిశంకర్ కెమెరాలు కలుపుతున్నాడు. ఫర్నేసు గదిలో కెమెరా ముందు ఒంటరిగా కూర్చున్న బావ సన్యాసిరాజు తెర మీద కదలడం లేదు.

"బావా, బొమ్మ ఆగిపోనాది. ఓపాలి సెయ్యూపు," అన్నాడు మైకులో.

లైను తీసి మళ్లీ కలిపినా అదే బొమ్మ. మేనేజరు వచ్చే వేళైంది. ఉద్యోగం పోయినట్టేననుకున్నాడు సాయిశంకర్.

అంతలో బావ వెనక, గోడమీది క్యాలెండరు ఫ్యాను గాలికి రెపరెపలాడడం చూశాడు.

బొమ్మ ఆగిపోలేదు. బావే కదలడం లేదు.

"ఫర్నేసు గ్యాసు పట్టేసినట్టున్నాది! మా బావని బయటికి లాగండి బాబూ!" అని సేఫ్టీవాళ్లకు ఫోను చేసి అరిచాడు.

మాస్కులు తొడుక్కున్న ఇద్దరు సన్యాసిరాజును ఎత్తుకుపోయారు. తెర మీద ఖాళీ కుర్చీ మిగిలింది. సాయిశంకర్ స్పీకరుకు చెవి ఆనించి విన్నాడు.

చాలాసేపటికి స్పీకరులో, ఆ గది గుమ్మం బయటినుంచి, ఎవరో దగ్గారు. ఆ దగ్గు బావదే.