పొడుగు గది

శైశవం సారు పొడుగు గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని భీష్మించుకు కూర్చున్నారు. వార్ధక్యం మేడం అప్పటికే లోపలికి వెళ్లిపోయి, బల్ల మీద హ్యాండ్ బ్యాగు పెట్టి, కిటికీలోంచి చెట్లను చూస్తున్నారు. ఆవిడ బయటికి రావాలంటే ఆయన లేవాలి. ఆయన లేవరు, ఆవిడ రారు.

ఇవి అమ్మానాన్నలు పెట్టిన పేర్లు కావు. ఆ కాలేజీలో మానవ వికాసం అని ఒక శాఖ ఉంది. పుట్టింది మొదలు పోయేదాకా మనిషి ఏ వయసులో ఎలా ఎదుగుతాడో అక్కడ బోధిస్తారు. పసితనం పాఠాలు చెప్పే ఆయన శైశవం సారు, ముసలితనం పాఠాలు చెప్పే ఆవిడ వార్ధక్యం మేడం, ఆ మధ్యలో టీనేజీ పాఠాలు చెప్పే కుర్ర లెక్చరరు కౌమారం. స్టూడెంట్లు సరదాకి పెట్టారు, అతుక్కుపోయాయి.

ఇన్నాళ్లూ పెద్దవాళ్లిద్దరిదీ ఒకే గది. కౌమారానికి అదీ లేదు. మెట్ల కింద స్టూలు మీద కూర్చుని, నెత్తిన దుమ్ము రాలుతుంటే పేపర్లు దిద్దుకునేది. ఇప్పుడు కొత్త అంతస్తులో రెండు గదులొచ్చాయి. వీళ్లు చెరొకటి తీసుకుంటే పాత గది ఆమెకొస్తుంది. ఫ్యాను, తలుపు, తాళం అన్నీ ఉన్న గది. ఆ తాళం చెవి కోసం ఆమె ఎంత ఆశగా ఉందో చెప్పడానికి లేదు. కానీ కొత్త గదుల్లో ఒకటి పొడుగ్గా ఉంది, ఒకటి చదరంగా ఉంది. ఇద్దరికీ పొడుగుదే కావాలి.

ఇంజనీరు వచ్చి టేపు పరిచి ఇద్దరి ఎదుటా కొలిచాడు. రెండింటి వైశాల్యం ఒక్కటే, చదరపు అంగుళం కూడా తేడా లేదన్నాడు.

"కొలతలు ఎవడిక్కావాలయ్యా, కంటికి కనబడటంలా?" అన్నారు శైశవం సారు.

మేడం మాత్రం గొంతు పెంచలేదు. ఈ వయసులో తనకు గదుల మీద మోజేమిటని నవ్వారు. సర్వీసులో సీనియర్ని కాబట్టి పద్ధతి ప్రకారం ఇటు వచ్చానంతే అన్నారు. బ్యాగు మాత్రం తియ్యలేదు.

ప్రిన్సిపాల్ కబురు పంపారు. మధ్యాహ్నం బెల్లు కొట్టేలోగా తేల్చుకోకపోతే రెండు గదులూ కామర్స్ వాళ్లకు ఇచ్చేస్తారట. కామర్స్ వాళ్లు అప్పటికే వరండా చివర బీరువాతో సహా సిద్ధంగా నిలబడ్డారు. పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చడమంటే ఇదే. ఎవరెన్ని చెప్పినా సారుది పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

దానికి తోడు ఆ పూట ఆయనకు ప్రాక్టికల్ క్లాసుంది. లేస్తే గుమ్మం పోతుంది కాబట్టి క్లాసునే అక్కడికి రమ్మన్నారు. స్టూడెంట్లు వరండాలో చుట్టూ మూగారు. కాలేజీ ప్లేస్కూల్ నుంచి ఒక బుజ్జి పిల్లను తీసుకొచ్చారు. సారు కుర్చీలోంచి కదలకుండానే రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోశారు. ఒక గ్లాసు నీళ్లను సన్నగా పొడుగ్గా ఉన్న ఇంకో గ్లాసులోకి ఒంపి, ఎందులో ఎక్కువున్నాయని అడిగారు. పిల్ల తడుముకోకుండా పొడుగు గ్లాసు చూపించింది.

"చూశారా? ఎదురుగా పోసినా నమ్మదు. కంటికి పొడుగ్గా కనిపిస్తే చాలు, ఎక్కువనుకుంటుంది. ఏడేళ్లు దాటితే ఈ భ్రమ దానంతటదే పోతుంది," అన్నారు సారు.

స్టూడెంట్లు ఒకరి మొహాలొకరు చూసుకుని నోట్సు రాసుకున్నారు. మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి మరి.

ఇంతలో పిల్ల రెండు బిస్కెట్లు కావాలని పేచీ పెట్టింది. సారు దగ్గర ఒక్కటే ఉంది. దాన్నే విరిచి రెండు చేతుల్లో పెట్టారు. పిల్ల ఏడుపు మానేసి గెంతుకుంటూ వెళ్లిపోయింది. కౌమారం ఆ పిల్లనే చూస్తూ కాసేపు నిలబడింది. తర్వాత గబగబా మెట్లు దిగి, కింద తలుపులు బిగిస్తున్న కార్పెంటర్‌ను వెంటబెట్టుకొచ్చింది.

"సార్, ఆ చదరం గదిలో మధ్యకి ప్లైవుడ్ అడ్డం పెట్టిస్తే మీకు రెండు గదులవుతాయి. ఒకటి మీరు కూర్చోడానికి, ఒకటి వచ్చినవాళ్లతో మాట్లాడటానికి."

సారు కళ్లజోడు సర్దుకున్నారు. "రెండు గదులా?"

"రెండు, సార్."

"తలుపులు?"

"రెండు."

"బోర్డులు కూడా రెండు పెట్టించమ్మా," అని సారు లేచి, కుర్చీ తనే మోసుకుంటూ చదరం గది వైపు వెళ్లిపోయారు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, పొడుగు గది వైపు జాలిగా ఒక చూపు చూశారు.

కౌమారం ఊపిరి పీల్చుకుని లోపలికి వచ్చింది. వార్ధక్యం మేడం కిటికీ దగ్గర ముసిముసిగా నవ్వుతున్నారు.

"గడుసుదానివే అమ్మాయ్. చంటిపిల్లకి బిస్కెట్ విరిచిచ్చినట్టు ఇచ్చావుగా ఆయనకి. తల నెరిసింది గానీ బుద్ధి ఇంకా ఉయ్యాల దిగలేదు. నా పాఠాల్లో నేను చెప్పేదదే. వయసు అందరికీ వస్తుంది, పెద్దరికం కొందరికే వస్తుంది."

"అయితే ఈ గది మీదేనని ప్రిన్సిపాల్ గారికి చెప్పెయ్యనా మేడం? బెల్లు కొట్టబోతున్నారు."

"చెప్పు తల్లీ. నాకేముంది, ఎక్కడైనా ఒకటే," అంటూ మేడం బ్యాగులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. గదిని ఆ చివర్నుంచి ఈ చివరికి ఒకసారి తేరిపార చూశారు.

"ఆ కార్పెంటర్ వెళ్లిపోకముందే ఇటు పిలు. దీన్ని మూడు చెయ్యమను."