ఏ.టి. మార్కు

సిగ్గులేదూ మీకు? అద్దాల బీరువా ముందు నిలబడి "అబ్బ, ఏం పనితనం!" అని మురిసిపోయిన పెద్దమనుషుల్లారా, మిమ్మల్నే అడుగుతున్నది. ఆ రోజు నవ్వింది కోటేశ్వరరావు ఒక్కడే కాదు. మీరందరూ నవ్వారు.

అది తొంభై మూడు. ఖరగ్‌పూర్, ప్రేమ్ బజార్.

కోటేశ్వరరావు కాలేజీ కుర్రాళ్లకి లెక్కల ట్యూషన్లు చెప్పేవాడు. పాత కాలిక్యులేటర్లంటే పిచ్చి. ఎర్ర అంకెలు వెలిగే డెబ్భైల నాటివి, హాస్టళ్లలో పారేసి పోయినవి, నలభై దాకా ఏరుకొచ్చి బీరువాలో పేర్చాడు.

ఆ ఆదివారం ఊళ్లో తెలుగువాళ్లని పిలిచి చూపిస్తున్నాడు. ఒకదాని వెనక మూత విప్పి భూతద్దం కింద పెట్టాడు.

"చూశారా? సూదిమొనతో గీసినట్టు రెండు ఇంగ్లీషు అక్షరాలు. ఏ.టి. అంటే ఆల్ టెస్టెడ్. ఎవరో విదేశీ ఇంజనీరు ఫ్యాక్టరీలో పరీక్ష చేసి వేసిన మార్కు. ఇదున్నవి పదకొండు. పదకొండూ ఇవాళ్టికీ లెక్క తప్పవు. లేనివన్నీ శవాలే."

అదే మాట అట్టముక్క మీద రాసి బీరువాలో అంటించాడు కూడా.

గుమ్మంలో దగ్గు వినపడింది. ఒక ముసలాయన. మాసిన రైల్వే ఖాకీ చొక్కా. కాలిన మచ్చలతో నల్లబడ్డ చేతివేళ్లు. చేతిలో నిమ్మకాయ.

"బాబూ, పాత లెక్కల మిషన్లు పెట్టినారంట. ఓపాలి సూసి పోతాను."

బీడీ కంపుకి కోటేశ్వరరావు ముక్కు చిట్లించాడు.

"నిమ్మకాయేంటి తాతా, దిష్టి తీస్తావా?"

గదంతా నవ్వింది.

"మేం కిరస్తానోళ్లం బాబూ, దిష్టి తియ్యం." ముసలాయన కూడా నవ్వాడు. బీరువా దగ్గరికొచ్చి అద్దానికి వేలు ఆనించాడు. "ఇగో, ఈ పెద్దదానికి సెల్లు కారిపోనాది. మూత సందున పచ్చగా పూసింది సూడండి. ఒగ్గేస్తే లోన రాగినంతా తినేస్తాది. నిమ్మరసంతో తుడిస్తే ఆగుద్ది. ఇలాగివ్వండి, ఇక్కడే కూకుని సేసేస్తాను."

"దానికి ఏ.టి. మార్కుంది. దానికేం కాదు."

"ఏటి?"

గది గొల్లుమంది.

"ఏటి కాదు తాతా, ఏ.టి.!"

"అదే బాబూ, ఆ అచ్చరాలు... నాను సెప్పీది ఏటంటే..."

"మళ్లీ ఏటి!" ఎవడో చప్పట్లు కొట్టాడు.

ముసలాయన గుమ్మం వైపు తిరిగాడు. నిమ్మకాయ గడప మీద పెట్టాడు.

"ఉంచండి. ఈ వారంలోనే తుడవండి బాబూ."

వెళ్లిపోయాడు.

కోటేశ్వరరావు నిమ్మకాయని మురిక్కాలవలోకి తన్నాడు. ఆయన వేలు తగిలిన చోట అద్దాన్ని డెట్టాలు పెట్టి తుడిచాడు. థూ! తుడవమన్నదేది, తుడిచిందేది!

నెల తిరక్కుండానే పెద్దది ఆగిపోయింది. విప్పితే లోపలంతా పచ్చటి చిలుము. ఇంకో వారంలో కలకత్తా నుంచి పేపరువాళ్లు వస్తున్నారు, దాన్నే ఫొటో తీయడానికి.

అప్పుడు గుర్తొచ్చింది నిమ్మకాయ.

ఆగిపోయిన కాలిక్యులేటర్ని జేబులో వేసుకుని సైకిలెక్కాడు. ఆ ఖాకీ చొక్కా ఆనవాలు చెప్పి, ట్రాఫిక్ సెటిల్మెంట్ అనే రైల్వే కాలనీలో నలుగుర్ని అడిగి ఆయన క్వార్టర్ పట్టుకున్నాడు. ముసలాయన కూతురు సూసన్న బయటికొచ్చింది.

"నాన్న పోయి తొమ్మిది దినాలయింది దాదా. ఏటి పని?"

"ఏం లేదు... కాలిక్యులేటరు. బాగుచేస్తాడేమోనని."

"మరి ఆయన పనే అది! రైల్వే సిగ్నల్ వర్క్‌షాపులో ఫిట్టరు. డ్యూటీ దిగితే ఇగో, ఈ బల్ల మీదే. కాలేజీ కుర్రోళ్లు తెచ్చి పడేసీవోరు. ఎవలూ నేర్పలేదు, విప్పి విప్పి నేర్సుకున్నాడు. మొన్నామధ్య ఊపిరాడకపోయినా, 'నా పిల్లల్ని ఎవలో బీరువాలో పెట్టినారంట, సూసొస్తాను' అని నిమ్మకాయ పట్టుకుని ప్రేమ్ బజార్ ఎల్లినాడు."

"తర్వాత?"

"వొచ్చినాక ఏటీ మాట్లాడలేదు. మంచమెక్కినాడు."

అరుగు మీద సమాధికి పెట్టే కొత్త సిలువ ఆరుతోంది. తెల్లరంగు మీద నల్లటి ఇంగ్లీషు అక్షరాలు.

కోటేశ్వరరావు చదివాడు. మళ్లీ చదివాడు. జేబులోది బయటికి తియ్యనే లేదు. సైకిలెక్కి వచ్చేశాడు.

పేపరువాళ్లు వచ్చారు. మిగిలిన పదింటిలో ఒకటి వాళ్ల చేతికిచ్చి ఏమన్నాడో తెలుసా?

"ఆల్ టెస్టెడ్. విదేశీ మార్కు."

అన్నీ తెలిసి! చదువుకున్నవాడు!

ఆ రోజు నవ్వినవాళ్లెవరో మీకు తెలుసు. లేవండి. ఇప్పుడే ప్రేమ్ బజార్ వెళ్లండి. బీరువా తెరిపించండి. ఆ అట్టముక్క చింపండి. కొత్త అట్ట మీద సిలువ మీదున్న పేరే రాయించండి: ఏ.టి. అంటే ఆరంగి టైటస్, ట్రాఫిక్ సెటిల్మెంట్, ఖరగ్‌పూర్.