ఎదురు ఓటు

"చచ్చిపోయినవాడికి ఓటేంటి పుష్పమ్మా?" అన్నాడు నరసరాజు.

పుష్పమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె భర్త సత్యానందం పోయి ఎనిమిది నెలలైంది. ఓటర్ల జాబితాలో మాత్రం ఇంకా ఉన్నాడు.

"ఉండనివ్వండి రాజుగారూ. రేషన్ కార్డులో తీసేశారు. బ్యాంకులో తీసేశారు. ఆయన పేరు అచ్చులో మిగిలింది ఇక్కడొక్కచోటే అండి. ఎవరికి అడ్డం?"

"దేశానికి అడ్డం. ఇలా జాలిపడి వదిలేస్తే, రేపు పోలింగు నాడు ఎవడో వచ్చి మీ ఆయన పేరున మీట నొక్కిపోతాడు. బతికుండగా ఒక్క అబద్ధం ఆడినవాడు కాదు సత్యానందం. పోయాక దొంగ ఓటు వేయిస్తావా ఆయనచేత?"

పుష్పమ్మ నరసరాజు మొహంలోకి చూసింది.

"మీరే చెప్పాక ఇంకేముందండీ," అని పెన్ను అందుకుంది. పేరు తీసేసే కాగితం మీద సంతకం పెట్టి ఇస్తూ అడిగింది. "ఈ అమ్మాయిగార్ని మీ ఇంటికి కూడా తీసుకెళ్తారాండి?"

"తీసుకెళ్ళక? నా ఇల్లేమన్నా పైనుంచి ఊడిపడిందా?" అని చరచరా మెట్లు దిగేశాడు.

అమ్మాయిగారంటే జాయ్సీ. ఊరి సచివాలయానికి బదిలీ మీద వచ్చి పది రోజులైంది. రోజూ గుండుగొలను నుంచి స్కూటీ మీద వస్తుంది. వచ్చీ రాగానే ఈ జాబితా సవరణ మెడకి చుట్టుకుంది. ఊరూ తెలీదు, మనుషులూ తెలీదు. ఒక పార్టీకి బూత్ ఏజెంటు కాబట్టి నరసరాజు వెంట ఉండి ఇళ్ళు చూపిస్తున్నాడు.

"హైవే మీద జాగ్రత్తమ్మా. హెల్మెట్టు పెట్టుకునే వస్తున్నావా?" అన్నాడు.

పొద్దున్నుంచి అలా అడగడం ఇది మూడోసారి.

తొమ్మిదో తరగతితో చదువు చాలించి పొలంలో దిగిన మనిషి నరసరాజు. పేపరు మాత్రం అక్షరం వదలడు. చదివింది ఎవరితోనైనా వాదించకపోతే ఆయనకి అన్నం అరగదు.

"ఇవాళ పేపరు చూశావా? కొల్లేట్లో అడ్డగోలుగా చేపల చెరువులు తవ్వినవాడూ వాడే, నీళ్ళకి దారిలేక ఊళ్ళు మునిగితే నష్టపరిహారం అంటూ కైకలూరు రోడ్డు మీద కూర్చున్నదీ వాడే. చట్టమంటే భయం ఏదీ?"

"నిజమేనండి."

"ఇంట్లో కూర్చోబెట్టి పథకాల డబ్బులేస్తుంటే ఊడ్పులకి ఎవరొస్తారు? కష్టం చేసుకునేవాడే వెర్రివాడైపోయాడు. ఏడాదికో ఎన్నిక, ఎన్నికకో వాగ్దానం. దేశమంతా ఒక్కసారే పెట్టేస్తే మిగతా నాలుగేళ్ళూ పనన్నా చేస్తారు. తప్పా?"

"తప్పేం లేదండి."

నరసరాజుకి చప్పగా అనిపించింది. ఎదురు చెప్పనివాళ్ళతో మాట్లాడటం ఉప్పులేని పప్పు తిన్నట్టుంటుంది. ఎదురు చెప్పాలంటే కొడుకు మణిదీపే చెప్పాలి. 'మరి మీరు తీసుకునే ఎరువు సబ్సిడీ ఏంటండి నాన్నగారూ? అది ఉచితం కాదా?' అనేవాడు, ముద్ద నోట్లో పెట్టుకుంటూ తాపీగా. ఒళ్ళు మండేది. మండినా ఆ పూట ఇంకో రెండు ముద్దలు ఎక్కువ దిగేవి.

పోయిన ఎన్నికల్లో వాడికి మొదటి ఓటు. అవతలి పార్టీకి వేశానని అన్నం దగ్గరే చెప్పాడు.

"నా తిండి తింటూ నా ఓటునే కొట్టేస్తావురా?" అని కంచం తోసేశాడు నరసరాజు.

కుర్రాడు సగం అన్నంలో లేచి, బండి తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి తండ్రీకొడుకులకి మాటల్లేవు.

"మీ ఇల్లు ఆఖర్న పెట్టారేంటండి?" అంది జాయ్సీ, అరుగు మీద కూర్చుని కాగితాలు తీస్తూ.

"వడ్డించేవాడు ఆఖర్న తినాలమ్మా."

ఆ ఇంట్లో మూడు ఓట్లు. నరసరాజు, భార్య రాజ్యం, మణిదీప్. రాజ్యం మజ్జిగ గ్లాసు తెచ్చింది.

"మణిదీప్ గారు ఉన్నారాండి?"

రాజ్యం గ్లాసు అరుగు మీద పెట్టి భర్త వైపు చూసింది.

"వాడి కాగితం మీద నేను పెడతాను సంతకం. పెట్టొచ్చుగా?" అన్నాడు నరసరాజు.

"ఇంట్లోవాళ్ళు పెట్టొచ్చండి. ఓటు ఇక్కడే ఉంచమంటారా?"

"ఉంచాలి. నా ఓటుకి ఎదురు ఓటమ్మా అది. నేనొకటి నొక్కితే వాడు దాన్ని కొట్టేస్తాడు. కొట్టేస్తే కొట్టేయనీ. ఆ పేరు మాత్రం పోకూడదు."

"ఎదుటి పార్టీ ఓటుని దగ్గరుండి నిలబెట్టే ఏజెంటుని మిమ్మల్నే చూశానండి," అని నవ్వింది జాయ్సీ.

"ఏవండీ..." అంది రాజ్యం.

"నువ్వూరుకో."

పెన్ను తీసుకున్నాడు. కొడుకు పేరు తన చేత్తో రాసి రెండేళ్ళవుతోంది. ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు. కింద సంతకం పెట్టాడు.

"ఒక ఫొటో కావాలండి. పాస్‌పోర్టు సైజుది."

"చిన్నవి లేవమ్మా. ఉన్నదాన్నే పెద్దది చేయించి హాల్లో పెట్టాం."

"పర్లేదండి, అదే తెండి. ఫోన్లో తీసుకుని ప్రింటు వేయించుకుంటాను. మొహం బాగా కనపడాలండి, ఏదీ అడ్డం ఉండకూడదు."

నరసరాజు లోపలికి నడిచాడు. రాజ్యం వెనకాలే వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

గోడ పక్కకి కుర్చీ లాక్కుని ఎక్కి, కొడుకు ఫొటోకి వేసిన దండ తీశాడు.