ఎవరూ చొరబడలేని భవనం

“షట్టర్లు దిగిపోయాయి మేడమ్. పైకి లేవడం లేదు!”

ఫోనులో ప్యో సంగ్‌మాన్ గొంతు కీచుగా పలికింది. ఆయన కొరియాలోని జొంజు నగరంలో ఒక యూనివర్సిటీకి రిజిస్ట్రారు. అవతల మాట్లాడుతున్నది మేంగ్ ఓక్‌రాన్, పరిపాలనా భవనానికి ప్లాను గీసిన ఆర్కిటెక్టు. డెబ్బై దాటిన మనిషి.

“దిగడానికేగా పెట్టించుకున్నారు,” అంటూ ఆమె బార్లీ టీ చప్పరించింది. “ఇంతకీ ఏమైంది?”

“ఫీజులు పెంచామని పిల్లలు మీదికొచ్చారు. భోజనాల వేళ, స్టాఫంతా క్యాంటీనుకి పోయారు. అదను చూసుకుని, డప్పులేసుకుని రెండొందల మంది! గేటు దగ్గర గార్డు హడలిపోయి మీట నొక్కేశాడు.”

“నొక్కేలోపే దూరారన్నమాట. ఇంకేం, మీ కోటే వాళ్ళకి కాపలా.”

సంగ్‌మాన్ పళ్ళు కొరికాడు. ఉక్కు షట్టరు అవతల డప్పులు దడదడలాడుతున్నాయి. జనవరి చలికి నోట్లోంచి పొగలొస్తున్నాయి. అయినా మెడ వెనక చెమట పట్టింది.

“తియ్యమని గార్డుకి చెప్పలేకపోయారా?”

“తియ్యడట. వీసీగారు స్వయంగా వస్తేనే తియ్యాలని నియమం. ఆయనేమో విమానంలో ఉన్నాడు.”

“మీరు చెప్పినా వినడా?”

“రిజిస్ట్రారు చెప్పినా తియ్యొద్దని రాసుంది.”

“ఎవరు రాశారయ్యా అంత తెలివిగా?”

“నేనే,” అన్నాడు.

ఆమె పగలబడి నవ్వింది. “హీటరూ నీళ్ళూ కట్టేశారా?”

“కట్టేశారు. షట్టర్లు దిగితే అవీ కట్టెయ్యాలని నియమం.”

“మరింకేం! చలికీ ఆకలికీ వాళ్ళే దణ్ణాలు పెట్టుకుంటూ బయటికొస్తారు. ఈ మాట మీదే. నా బల్ల గుద్ది మరీ చెప్పారు.”

“దెప్పడానికిది వేళ కాదు మేడమ్! లోపల షుగరు మనిషి ఉన్నాడు. ఇంజెక్షను వేసుకున్నాడు. అన్నం నోట్లో పెట్టుకోబోయేసరికి డప్పులు వినబడ్డాయి, లేచి పరిగెత్తాడు. ఆ హడావుడిలో డబ్బా కాస్తా నేలపాలైంది.”

టీ చప్పుడు ఆగిపోయింది. “అయ్యో! పడిపోతాడయ్యా! ఫైరింజను వాళ్ళకి చెప్పారా?”

“చెప్పాను. ఆ ఉక్కు కోసేసరికి సాయంత్రమవుతుందన్నారు. అంతసేపు ఆగలేడు.”

“వెనక తలుపుందిగా? నేనే గీశాను.”

“మీరెళ్ళిపోయాక గోడ కట్టించాం.”

“మేడ మీంచి ఇనుప మెట్లు?”

“కోయించేశాం. వాటి మీంచి ఎక్కుతారని.”

“కిటికీలు?”

“మీకు తెలీదా? చెయ్యి పడుతుంది, తల పట్టదు.”

“నా ఖర్మ! పెద్ద కిటికీలు పెడదాం, పరిపాలించేవాళ్ళు కనబడితే పిల్లలకి కోపం తగ్గుతుందని చెవినిల్లు కట్టుకుని చెప్పాను. ‘మాకు వెలుతురొద్దు, భద్రత కావాలి’ అన్నారు. నేను గీసిన ప్రతి తలుపూ ఎర్రపెన్సిలుతో కొట్టేశారు. ఇప్పుడు దారి చెప్పమంటే నేనెక్కణ్ణుంచి తేనయ్యా?”

సంగ్‌మాన్ షట్టరుకి వీపానించి మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. చేతిలో ఫోను వణుకుతోంది. ఎదురుగా గోడ రెండుగా కనబడుతోంది.

“ఏదో ఒకటి చెప్పండమ్మా,” అన్నాడు. ఆమెని ఎప్పుడూ అమ్మా అని పిలిచినవాడు కాదు.

ఓక్‌రాన్ గొంతు మెత్తబడింది. “ఇదిగో, తలుపు సంగతి తర్వాత. ముందు ఆ మనిషి నోట్లో ఇంత తీపి పడాలి. రెండొందల మంది పిల్లల్లో ఒక్కరి సంచిలోనైనా చాక్లెట్టో బిస్కెట్టో ఉండదా? గట్టిగా అరిచి చెప్పండి, వాళ్ళే పెడతారు.”

“వాళ్ళా? నాకా… నా మాటా వింటారు?”

“కోపముంటే మీ మీదే ఉంటుంది. పక్కనున్నవాడి ప్రాణం మీదికొస్తే చూస్తూ కూర్చుంటారా? వాళ్ళూ అమ్మానాన్నలున్న పిల్లలేగా. ఊఁ, అరవండి! సిగ్గెందుకు?”

సంగ్‌మాన్ పెదాలు తడుపుకున్నాడు. అవతల డప్పులు ఇంకా జోరందుకున్నాయి.

“ఏవయ్యా, వింటున్నారా? లోపలున్న పిల్లలకి చెప్పడానికి మీకేం అడ్డం?”

“పిల్లలంతా బయటే ఉన్నారమ్మా, లోపలున్నది నేనొక్కణ్ణే.”