తెరుచుకోని తాళం

తాళంచెవి ఎటు తిప్పినా కదల్లేదు. లెలాండ్ దాన్ని బయటికి లాగి, చొక్కాకి తుడిచి, మళ్ళీ దూర్చాడు. సగం దాకా వెళ్ళి మొరాయించింది.

పొద్దుటి వానకి లోపల తుప్పు పట్టేసిందనుకున్నాడు. తప్పు తనదే మరి. ఆదివారం వస్తే చాలు గొలుసుకి నూనె వేసేవాడు, చక్రాలకి గాలి కొట్టేవాడు, బ్రేకులు అరిగాయేమోనని వంగి వంగి చూసేవాడు. తాళానికి రెండు చుక్కలు పోద్దామని మాత్రం ఒక్కనాడూ తోచలేదు.

అది చవకరకం హైబ్రిడ్ సైకిల్. రేసు సైకిల్లా సన్నటి చక్రాలు కావు, కొండలెక్కే సైకిల్లా లావుపాటివీ కావు. ఇంటికీ ఆఫీసుకీ తిరగడానికి దివ్యంగా సరిపోతుంది. అలాంటి బూడిదరంగు బండి మినియాపొలిస్‌లో వీధికొకటి కనిపిస్తుంది. కారు అమ్మేశాక లెలాండ్‌కి కాలూ చెయ్యీ అదే. తొక్కడానికి వీల్లేని రోజుల్లో బస్సు ముందు సైకిళ్ళు పెట్టుకునే చట్రంలోకి ఎక్కించి అయినా సరే వెంట తెచ్చుకునేవాడు. ఆఫీసులో అందరూ దాన్ని అతని రెండో పెళ్ళాం అని ఏడిపించేవాళ్ళు.

మొదటి పెళ్ళాం ఇంగ్రిడ్‌తోనే ఇప్పుడు వచ్చింది చిక్కు. విడాకులయ్యాక కూతురు ట్రూడీ గురువారం సాయంత్రాలు తండ్రితో గడిపేటట్టు ఒప్పందం. సరిగ్గా ఆరింటికి గుమ్మంలో ఉండాలి. ఒకసారి గురువారమన్న సంగతే మరిచిపోయాడు. ఇంకోసారి పిల్లని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం మరిచిపోయాడు. పోయిన వారం ఇంగ్రిడ్ గుమ్మంలోనే నిలదీసింది.

"నీది మతిమరుపు కాదు లెలాండ్, పట్టనితనం. ఇంకొక్కసారి ఆలస్యమైందా, ఈ గురువారాలు ఇక ఉండవు. లాయరుకి చెప్పేస్తాను."

అన్నంత పనీ చేసే మనిషి ఆవిడ.

ఇవాళే గురువారం. వంతెన మరమ్మతులతో రోడ్డు మీద కార్లు బారులు తీరి నిలబడిపోయాయి. టాక్సీ పిలిచినా అందులో కూర్చుని గోళ్ళు కొరుక్కోవడమే. నది వెంట ఉన్న దారిలో సైకిలైతేనే అందుకోగలడు. తాళం పట్టేసిందని ఇంగ్రిడ్‌కి మెసేజ్ పెట్టాడు. ప్రతి వారం ఏదో ఒక కథ ఉంటుందిలే అని వెంటనే జవాబు వచ్చింది. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

చివరికి ఆఫీసు బిల్డింగు మరమ్మతులు చూసే ముసలాయన ఓర్విల్‌ని బతిమాలి, కోత మిషనుతో సహా బయటికి లాక్కొచ్చాడు. ఓర్విల్ తాళాన్నీ అతన్నీ మార్చి మార్చి చూశాడు. రేపెవడో వచ్చి నా సైకిలేదని అడిగితే తనేం చెప్పుకోవాలని నసిగాడు.

లెలాండ్ ఫోన్లో ఫొటో చూపించాడు. అదే బూడిదరంగు సైకిల్, సీటు మీద పళ్ళికిలిస్తూ ట్రూడీ. ఆఫీసు నుంచి ఇంటికి బయల్దేరుతున్న తోటి ఉద్యోగిని గ్రెచెన్ ఆగి, రెండేళ్ళుగా రోజూ ఇక్కడే, తన సైకిల్ పక్కనే పెడుతున్నాడని సాక్ష్యం కూడా చెప్పింది.

"నీ మొహం చూస్తే దొంగలా లేవులే," అన్నాడు ఓర్విల్ మిషను ఆన్ చేస్తూ. "దొంగయితే సొంత మిషను తెచ్చుకునేవాడు."

నిప్పురవ్వలు ఎగిరాయి. తాళం తెగి కింద పడింది.

లెలాండ్ దాన్ని సంచిలో వేసుకుని ఒకటే తొక్కుడు. సీటు కాస్త కిందికి దిగినట్టనిపించింది గాని, ఆగి సరిచేసుకునే తీరికెక్కడిది? వారం రోజులుగా కీచుమంటున్న బ్రేకు ఇవాళ కిక్కురుమనలేదు. గేర్లు వెన్నలా మారుతున్నాయి. మొన్న ఆదివారం పడ్డ పాట్లు ఊరికే పోలేదని మురిసిపోయాడు.

ఆరు కొట్టకముందే ఇంగ్రిడ్ ఇంటి ముందు దిగాడు. ట్రూడీ మెట్ల మీంచి ఒక్క ఉరుకున వచ్చి నడుం చుట్టేసుకుంది. ఇంగ్రిడ్ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. అతను రొప్పుతూనే తెగిన తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత దారి గుంటల్లో తడిసి నీళ్ళోడుతున్న అతని బూట్లని చూసింది. మొహంలో బిగువు సడలింది.

"ఇది కోయించుకుని మరీ వచ్చావా?"

"గురువారం కదా," అన్నాడు లెలాండ్.

"నేనే తొందరపడ్డాను. ఈసారి నిజంగా నీ తప్పేం లేదు." ఇంగ్రిడే మళ్ళీ అంది, "మంగళవారాలు కూడా తీసుకెళ్తావా? అది ఎప్పట్నుంచో అడుగుతోంది."

మూడేళ్ళలో ఆవిడ నోట అంత మెత్తటి మాట అతను వినలేదు. వెంటనే సరేనని తలూపాడు. ట్రూడీ అప్పటికే మంగళవారం ఎక్కడికెళ్ళాలో లెక్కలు వేస్తోంది.

అప్పుడే ఇంగ్రిడ్ ఫోను మోగింది.

"అవునండీ, లెలాండ్ లిండాల్ మా ఆయనే. అంటే, ఒకప్పుడు. కొన్నప్పుడు దాని మీద నా నంబరే రాయించాం." ఆవిడ విని, నొసలు చిట్లించి, మెట్ల పక్కనున్న సైకిల్ వంక చూసింది. చేతిలోని తాళం వంక చూసింది. తర్వాత అతని వంక చూసింది. ఏమైందని లెలాండ్ అడిగాడు. ఆవిడ ఫోను స్పీకర్లో పెట్టి అతని ముందుకి చాచింది. అవతలి గొంతు ఎంతో మర్యాదగా, ఓపిగ్గా చెప్పిందే మళ్ళీ చెప్పింది.

"పొద్దున మీరు మా బస్సు ముందు చట్రంలో మరిచిపోయిన సైకిల్ డిపోలో భద్రంగా ఉందండీ."