ఏ ఇంటి బొట్టు

“పుట్టింటి బొట్టు నువ్వే ఉంచుకో బిందూ. మా ఇంటి బొట్టు మాత్రం ఇచ్చెయ్. దాన్ని కరిగించి కొత్త పిల్లకి తాళి చేయించాలంటున్నారు మీ మామగారు,” అంది కళావతి, మాజీ కోడలి ముఖంలోకి చూడకుండా.

ఇద్దరూ కూర్చున్న ఆ సిడ్నీ యూనివర్సిటీ ల్యాబ్‌లో బిందుమాధవి ఉల్కల్ని కరిగించి పరీక్షిస్తుంది. వై2కె కంప్యూటర్ పని మీద ఈ దేశం వచ్చిన కళావతి కొడుకు జయంత్, ఆఫీసులో ఇంకొకరిని చూసుకుని ఆమెకు విడాకులిచ్చాడు.

“కరిగించే శ్రమ మీకెందుకత్తయ్యగారూ?”

బిందుమాధవి శనగగింజంత బంగారపు ముద్దను బల్ల మీద పెట్టింది.

“రెండు బొట్లూ కలిపి పొద్దున్నే ఫర్నేస్‌లో వేశాను. మీదేదో ఏరుకోండి.”

“ఎంత పని చేశావే! అది మా వంశం బంగారం!”

“మీ వంశం పుట్టించిందా దాన్ని? నక్షత్రం బతికున్నన్నాళ్ళూ తన కడుపులో ఇనుముదాకానే వండుకుంటుంది. బంగారం పుట్టాలంటే అది పగిలి చావాలి. ఇందులో తన అణువులేవో జయంత్‌ని జీవితాంతం వెతుక్కోమనండి.”

బయట కారు హారన్ మోగింది. “ఇంకా ఎంతసేపే, మొద్దు మొహమా!” మామగారు ద్వారకానాథ్ కేక కిటికీలోంచి వినబడింది.

కళావతి అలవాటుగా ఉలిక్కిపడి లేచింది. ముద్దను వేళ్ళతో తిప్పి తిప్పి చూసింది.

“ఏది ఎవరిదో నిజంగా తెలీదా?”

“దేవుడొచ్చినా చెప్పలేడు.”

హారన్ మళ్ళీ మోగింది. కళావతి వెళ్ళి తలుపు గడియ పెట్టింది. జాకెట్లోంచి తన తాళి పైకి తీసి, రెండు బొట్లూ అరచేతిలో పెట్టుకుంది.

“ఆ ఫర్నేస్ ఇంకా వేడిగానే ఉందా?”