బల్ల చుట్టూ ఊరు

కొలత టేపు ఒక కొసను గోడకు ఆనించి పట్టుకోమని లైబ్రేరియన్ పద్మలతకు ఇచ్చి, రెండో కొసతో జిల్లా నుంచి వచ్చిన అధికారి తలుపు దాకా నడిచాడు.

"బీరువాలు తీసేస్తే ఎనిమిది కంప్యూటర్లు పడతాయి," అన్నాడు. "వచ్చే నెలలో మొదలుపెడతాం. మిమ్మల్ని మేడ్చల్‌కు మారుస్తారు, మేడమ్."

పద్మలత తలూపింది. పెళ్లి కాకముందు ఈ శామీర్‌పేట గ్రంథాలయంలో చేరింది. మచ్చ బొల్లారం నుంచి రోజూ బస్సులో వచ్చి ఈ తలుపులు తీస్తూనే జుట్టు నెరిసింది.

అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడు. ముందు గౌరయ్య, ఊళ్లో నలుగురూ మాట వినే రైతు. ఆయన వెనక ఆడా మగా కలిసి పెద్ద గుంపే వచ్చింది. కబురు అప్పుడే పాకినట్టుంది. కుర్చీలు చాలక సగం మంది గోడలకు ఆనుకున్నారు.

"గీ లైబ్రరీ తీసేస్తరంట గద సార్?" అన్నాడు గౌరయ్య.

"తీసేయడం కాదండీ. దీని చోట కంప్యూటర్ కేంద్రం వస్తుంది. రెండు వేల మూడులో ఉన్నాం. ఇక ఏ పుస్తకమైనా అందులోనే చదువుకోవచ్చు."

"సార్ చెప్పింది నిజమే పెద్దబాపు," అన్నాడు డిగ్రీ చదివే అన్వేష్. "నౌకరీల నోటిఫికేషన్లు గూడ ఇప్పుడు ఇంటర్నెట్లనే వస్తున్నయి."

"నా కండక్టర్ నౌకరి గీడ పేపర్ల సూసి పెట్టుకున్నదే," అన్నాడు బాలరాజు. డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. "దరఖాస్తు గీ బల్ల మీదనే రాసిన. మేడమే తప్పులు దిద్దింది."

దుర్గాబాయి కొంగు సర్దుకుంది. "నేను కాపురానికొచ్చినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు సార్. గీ పద్మక్క పక్కన కూసుండి కూడబలుక్కుంట సదువుడు నేర్సుకున్న. ఇగ అటెన్క వారపత్రిక ఎప్పుడొస్తదా అని ఎదురుసూపులే. పత్రికేమో ఒక్కటి, మేము పదిమందిమి. ఒకరు సదువుతుంటే అందరం ఇనేటోళ్లం. సీరియల్ల పిల్ల ఏడిస్తే మేం గూడ ఏడ్సేటోళ్లం."

అందరూ నవ్వారు. ఎవరో బీరువాలోంచి ఓ పాత వారపత్రిక తీసి, "ఆ సీరియల్ గిదే, గిదే" అంటూ పక్కవాళ్లకు చూపించారు.

"కంప్యూటర్ ముంగట ఒక్కడే కూసుంటడు సార్," అన్నాడు గౌరయ్య. "గీ బల్ల సుట్టూ ఊరు కూసుంటది."

అధికారి పద్మలత వైపు తిరిగాడు.

"రోజుకు ఎంతమంది వస్తారు మేడమ్?"

ఆమె నోరు తెరిచేలోపే గౌరయ్య అందుకున్నాడు. "మేడమ్‌ను అడుగుడెందుకు? మీ కండ్ల ముంగట్నే ఉన్నరు గద."

అధికారి గది నిండా నిలబడ్డ మనుషుల్ని చూశాడు. టేపు చుట్టేశాడు.

"సరే. కంప్యూటర్లకు వేరే గది చూస్తాం. ఇది ఇలాగే ఉంటుంది."

గది చప్పట్లతో మోగింది. దుర్గాబాయి వచ్చి పద్మలత చెయ్యి పట్టుకుంది.

"మమ్ముల ఇడిసి ఏడికి పోతవ్ అక్కా?"

పద్మలతకు కన్నీళ్లు ఆగలేదు.

మర్నాడు ఆమె ఎప్పటికన్నా ముందు బస్సుకే వచ్చింది. గది ఊడ్చి, వాకిట్లో నీళ్లు చల్లింది. కుర్చీలు ఒక్కొక్కటే తుడిచింది. అవి చాలవని పక్క బడి నుంచి నాలుగు అడిగి తెచ్చుకుంది. ఆనాటి పేపర్లు మడత విప్పి బల్ల పొడవునా పరిచింది. ఫ్యాన్ వేసి, తలుపులు రెండూ బార్లా తెరిచి, వాకిలికి ఎదురుగా కూర్చుంది.

ఆ రోజు కూడా ఎవరూ రాలేదు.